పెట్టె జరిపింది నేను

పోయిన వారం మా బడి వేపచెట్టుకు తేనెతుట్టె పట్టింది. స్టాఫ్ రూం కిటికీలోంచి దాన్ని చూస్తూ, ఈ ఏడే కొత్తగా చేరిన తెలుగు సారు అన్నాడు.

"పిల్లలను అటు పోనియ్యకున్రి సార్. ఎన్కట ఈ బడిలనే ఒక పిచ్చాయన పిల్లల నడుమ ఈగల పెట్టె పెట్టిండట గద. ఒక పొల్ల సచ్చి బతికిందట. ఆయనేమో పెట్టె నెత్తిన పెట్టుకొని ఉరికిండట."

అందరూ నవ్వారు. నేను హాజరు పట్టీ తిరగేస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఈ బడిలో ఉన్న సార్లలో ఇప్పుడు ఇక్కడ మిగిలింది నేనొక్కణ్ణే. హెడ్‌మాస్టరు రిటైరయ్యాడు. తక్కినవాళ్లు బదిలీల మీద వెళ్లిపోయారు. ఆ "పిచ్చాయన" నిరుడు వానాకాలంలో కోహీర్‌లో చనిపోయాడు. ఆ సంగతి నాకు బస్టాండులో జామపండ్లు అమ్మే ఆమె చెప్పింది. "మీ బడికొచ్చే ఈగల సారు పోయిండు గద," అని తూకం వేస్తూ చెప్పి, వెంటనే "ఇంకో అర్ధ కిలో ఎయ్యాల్నా సారూ" అని అడిగింది. వెయ్యమన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఒక కాగితం మీద ఒక నింద పక్కన ఉంది. దాని కింద నా సంతకం ఉంది. మళ్లీ అదే చేత్తో ఆ పేరు రాయడానికి మనసు రావడం లేదు. పిల్లలు ఈగల సారు అనేవారు. అది చాలు.

డెబ్బైల చివరి మాట ఇది. తేనెటీగలు పెంచడం ఊళ్లలో నేర్పించే ఆఫీసు ఒకటి ఉండేది. అందులో ఆయనది చిన్న నౌకరీ. రైతులకు నేర్పడం ఆయన పని. రైతులు వినడం లేదని బడుల వెంట పడ్డాడు. "పెద్దోల్లకు చెప్తే తేనె ఎంతొస్తదని అడుగుతరు. పిల్లలకు చెప్తే ఈగకు కండ్లెన్ని అని అడుగుతరు. ఎవరితోని మాట్లాడబుద్ధయితది చెప్పున్రి," అనేవాడు.

బీదరు వైపు మనిషి. సన్నగా ఉండేవాడు. మెడ ఎప్పుడూ ఎడమ పక్కకు కొంచెం వాలి ఉండేది. పెట్టెకు చెవి ఆనించి ఆనించి అలా అయిందని పిల్లల నమ్మకం. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరైనా పిల్లవాడు బెదిరితే మాత్రం కన్నడంలోకి వెళ్లేవాడు. "యాకప్పా, యాకప్పా," అని, ఏమైందయ్యా అన్నట్టు, వీపు నిమిరేవాడు. కన్నడం రాని పిల్లలు కూడా ఆ మాటకు ఆగేవారు.

చీకటి పడే వేళ వచ్చే బస్సులో, పెట్టె గుమ్మానికి తడిగుడ్డ కట్టి, సీటు మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. కండక్టరు ప్రతిసారీ ఒకటే అడిగేవాడట.

"లోపట ఎందరున్నరు తాతా? టికెట్లు కొట్టాలె."

"పదివేల మంది. కొట్టు, చూస్త."

బుధవారం సాయంత్రం వచ్చి, వేపచెట్టు కింద షాబాదు బండ మీద నాలుగు కాళ్ల స్టాండు పెట్టి, దాని మీద పెట్టె దించేవాడు. చీమలు ఎక్కకుండా ఒక్కో కాలి కింద ఒక్కో కొబ్బరి చిప్ప పెట్టి నీళ్లు పోసేవాడు. ఆ చిప్పలను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తానే నింపేవాడు. ఎవరినీ నింపనిచ్చేవాడు కాదు. గురువారం, శుక్రవారం ఈగలు తిరిగి ఆ చోటు నేర్చుకునేవి. శనివారం పిల్లలకు చూపించడం. ఆ మూడు రోజులూ బడి వరండాలోనే పడుకునేవాడు.

మొదటిసారి వచ్చినప్పుడే నాకు ఒక మాట చెప్పాడు. సైన్సు సారును కాబట్టి పెట్టె సంగతి నాకు అప్పగించాడు.

"పెట్టె జరిపితే జానెడు జరపాలె సారూ, లేకుంటే మూడు కోసులు జరపాలె. నడుమ జరిపితే ఆగమైతయి. ఈగ ఇల్లు గుర్తు పెట్టుకోదు. జాగ గుర్తు పెట్టుకుంటది. పెట్టె పది అడుగులు అటు పెడితే, పెట్టె కండ్ల ముంగటనే ఉంటది, అది మాత్రం పాత జాగలనే ఎతుకుతది."

"నాకు తెలుసు," అన్నాను. తెలియదు. నేను బీయస్సీ చదివాను. తేనెటీగ పాఠం నల్లబల్ల మీద రాణీ ఈగ, కూలి ఈగ, పోతుటీగ బొమ్మలు గీసి ఇరవై నిమిషాల్లో ముగించేవాణ్ణి. జాగ సంగతి నా పుస్తకంలో లేదు.

ఆయన పాఠం ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. పెట్టెను వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, చెవి ఆనించి, "ఉన్నరా?" అనేవాడు. లోపల గుంయ్‌మని లేచి చప్పున ఆగేది. "ఉన్నరట," అని పిల్లలకు చెప్పేవాడు. తరువాత ఒక్కొక్కరినీ పిలిచి చెవి పెట్టించేవాడు. "తల్లి ఉంటే చప్పుడు చప్పున ఆగుతది. తల్లి లేకుంటే ఆగది, ఏడ్సినట్టు సాగుతనే ఉంటది. తట్టి చూసినంక, మూత తియ్యకముందే ఇంటి సంగతి తెలుస్తది."

తరువాత అందరికన్నా ఎక్కువ భయపడేవాణ్ణి ఎంచుకుని, వాడి గుప్పిట్లో ఒక ఈగను పెట్టి మూసేవాడు. వాడు కండ్లు గట్టిగా మూసుకుని నిలబడేవాడు. ఏమీ అయ్యేది కాదు. గుప్పిట తెరిస్తే ఈగ తీరిగ్గా లేచిపోయేది. బడి మొత్తం వాణ్ణి వీరుణ్ణి చూసినట్టు చూసేది. అప్పుడు గుట్టు విప్పేవాడు.

"అది మొగ ఈగ. దానికి ముల్లు లేదు."

"మరి మొగయి ఏం పని చేస్తయి సార్?"

"తింటయి. పంటయి. ఎందుకురా, మీ ఇంట్ల లేరా గట్లాంటోల్లు?"

ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఒకసారి ఒకడు లేచి, "తేనె అంటే ఈగల ఉమ్మి అట గద సార్" అన్నాడు. "అవురా. నీ చిన్నప్పుడు మీయమ్మ నమిలి పెట్టిన బువ్వ తిన్నవు, అదేందో చెప్పు," అన్నాడు. తొక్క తీసిన జొన్నదంటు ముక్కలను తేనెలో ముంచి అందరికీ ఇచ్చేవాడు. అది అడిగినవాడికి రెండు.

పెట్టెలోంచి తుట్టె ఉన్న చట్రాన్ని తీసి ఎండకు పట్టి, గదుల అడుగున నువ్వుగింజలో సగం కూడా లేని గుడ్లను చూపించేవాడు. చూపించాక, "సావకాశ్, సావకాశ్," అంటూ దించేవాడు. ఆ మాట పిల్లలకా, ఈగలకా, తనకేనా తెలిసేది కాదు.

అన్నిటికన్నా చివరది నాట్యం. ధోవతి పైకి దోపుకుని, నడుము ఊపుతూ, ఎనిమిది అంకె తిరిగినట్టు తిరిగేవాడు. పూలు ఏ దిక్కున ఉన్నాయో ఈగ వచ్చి తన వాళ్లకు అలాగే ఆడి చెప్తుందట. పొద్దు ఎటుందో చూసుకుని, ఆయన నడుము ఊపిన దిక్కు లెక్కగట్టి పిల్లలు ఉరికేవారు. ఆ దిక్కున గోడ సందులోనో రాయి కిందనో ముందే దాచిన బెల్లం ముక్క దొరికేది. అంత పెద్ద మనిషి నడుము ఊపడం చూసి సార్లందరం కిటికీల దగ్గర చేరి నవ్వుకునేవాళ్లం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వేవాణ్ణి. పిల్లలు తరువాత నెల రోజులు నన్ను ఈగల గురించే అడిగేవారు. నా నల్లబల్ల మీది బొమ్మ వంక ఎవరూ చూసేవారు కాదు.

ఆ శనివారం సంగతి ఇప్పుడు రాయాలి.

కుసుమ పూత మీద ఉన్న రోజులు. ఆఫీసరు ఒకాయన తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఈగల పాఠం ఆయన ముందే జరగాలని హెడ్‌మాస్టరు ముచ్చట. ఆవరణలో నీడ ఉన్నది ఆ వేపచెట్టు కిందే. దానికి కలిపి షామియానా వేయించాడు. "ఆ పెట్టె సంగతి జర మీరు చూడున్రి," అని నాతో అని వెళ్లాడు. చూడమన్నాడు. జరపమన్నాడా? నేను ఇన్నేళ్లూ ఆ మాటను నాకు అనుకూలంగా వినడానికి ప్రయత్నించాను. ఆయన జరపమనలేదు.

ఈగల సారు అప్పుడు బడి వెనక బావి దగ్గర స్నానం చేస్తున్నాడు. పెట్టె తెరిచే రోజు సబ్బు ముట్టేవాడు కాదు, ఆ వాసన ఈగలకు పడదని. వట్టి నీళ్లతోనే చాలాసేపు పోసుకునేవాడు. అరగంట ఆగితే వచ్చేవాడు. నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. మరిచిపోయానని కొన్నాళ్లు అనుకున్నాను. మరిచిపోలేదు. నేను కూడా ఆ పెట్టెను ముట్టగలనని ఎవరికో చూపించాలనిపించింది. చూడటానికి అక్కడ ఎవరూ లేరు. పిల్లలు ప్రార్థనలో ఉన్నారు.

పెట్టెను స్టాండుతో సహా ఎత్తి, ఇరవై అడుగుల దూరంలో గోడ పక్కన దించాను. ఒక్క ఈగ కూడా కుట్టలేదు. గర్వంగా అనిపించింది. నాలుగు చిప్పలు నీళ్లతో అక్కడే షామియానా కింద ఉండిపోయాయి. వాటి పక్కనే చాపలు పరిపించి పిల్లలను కూర్చోబెట్టాను.

సగం ఈగలు అప్పటికే కుసుమ చేన్లలో ఉన్నాయి. అవి ఒకటొకటిగా తిరిగి రావడం మొదలైంది. పెట్టె లేదు. షామియానా కింద గాలిలో తిరగసాగాయి. మొదట పది, తరువాత వంద, తరువాత లెక్కలేదు. కుట్టడానికి రాలేదు అవి. ఇల్లు వెతుకుతున్నాయి. వెనక వరసలో ఎవడో నోట్‌బుక్కుతో కొట్టాడు. ఒకటి నలిగింది. ఇక మిగతావి కుట్టడం ఆగలేదు.

పిల్లలూ సార్లూ అందరూ క్లాసుల్లోకి ఉరికి తలుపులు వేసుకున్నారు, ఒక్కతి తప్ప. ఆరో తరగతి అనసూయ. ఈగ మీద వాలితే గుంజ లెక్క నిలబడాలని ఈగల సారు చెప్పాడు. ఆ పిల్ల నిలబడింది. చుట్టూ అందరూ చేతులు విసురుతుంటే, రెండు చేతులూ గౌనుకు ఆనించుకుని, కదలకుండా నిలబడింది. నేను వెళ్లి ఎత్తుకొచ్చేసరికి ముఖం ఉబ్బిపోయి కండ్లు గీతల్లా అయ్యాయి. అటెండరు సైకిలు మీద దవాఖానకు తీసుకుపోయాడు. మూడు రోజుల్లో తేరుకుంది. ఆ మూడు రోజులు మాత్రం నేను అన్నం సరిగా తినలేదు.

తడి తలతో ఈగల సారు వచ్చాడు. గోడ పక్కన పెట్టె చూశాడు. షామియానా కింద చిప్పలు చూశాడు. నన్ను చూశాడు. ముఖానికి జాలీ గుడ్డ కూడా కట్టుకోకుండా, నేరుగా వెళ్లి పెట్టెను ఎత్తి తెచ్చి, నాలుగు కాళ్లూ నాలుగు చిప్పల్లో దించాడు. పక్కకు తప్పుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి గాలిలోని ఈగలు ధారగా గుమ్మంలోకి దిగడం మొదలుపెట్టాయి. ఆ గుమ్మం ముందు ఎవరో పిలుస్తున్నట్టు. పావుగంటలో షామియానా కింద చప్పుడు తగ్గిపోయింది. అంత మంచి పాఠం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చూసింది నేనొక్కణ్ణే.

తలుపులు తెరిచి బయటికి వచ్చినవాళ్లందరూ చూసింది మాత్రం ఇది: పిల్లలు కూర్చున్న చాపల నడుమ, షామియానా కింద, ఈగల పెట్టె. పక్కన ఆయన.

"పిల్లలు కూసుండే కాడ ఎవడన్న పెట్టె పెడ్తడా?" హెడ్‌మాస్టరు అరిచాడు. "ఎవరు పెట్టిన్రు దీన్ని ఈడ?"

"నేనే పెట్టిన సారూ."

అబద్ధం కాదు. బుధవారం పెట్టింది ఆయనే, ఇప్పుడు పెట్టిందీ ఆయనే. నన్ను కాపాడటానికి అలా అన్నాడా, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాడా? ఆయన అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే మనిషి. కానీ ఆ ముందు నన్ను చూసిన చూపు కూడా నాకు గుర్తుంది.

"తీస్క పో. ఇప్పుడే తీస్క పో."

అప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు. "పొద్దుగూకనియ్యున్రి సారూ. చేన్లకు పోయినయి ఇంక శాన రావాలె. అవి వచ్చినంక గుమ్మం కట్టి తీస్క పోత. జర చీకటి పడనియ్యున్రి."

"మళ్ల ఏ పొల్లనన్న కుట్టనియ్యాల్నా?"

ఈగల సారు నా వైపు తిరిగాడు. "మీరన్న చెప్పున్రి సారూ. మీకు ఎర్కే గద."

నాకు తెలుసని ఒకప్పుడు నేనే ఆయనతో అన్నాను. ఇప్పుడు నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన గుమ్మానికి తడిగుడ్డ కట్టి, పెట్టె నెత్తిన, స్టాండు చేతిలో పెట్టుకుని, పట్టపగలే రోడ్డు వైపు నడిచాడు. ఉరకలేదు. ఉరికాడని ఇప్పుడు చెప్పుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను. తలమీద పెట్టె ఉన్నప్పుడు ఆయన మెడ నిటారుగా ఉంది. అలా చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు ఆఫీసరు రాలేదు. చిరాగ్‌పల్లి దగ్గర జీపు ఆగిపోయిందట.

సోమవారం హెడ్‌మాస్టరు కాగితం రాయించాడు. "పెట్టె షామియానా కింద పిల్లల చాపల వద్ద ఉండగా నేను కండ్లారా చూచితిని." అందులో ఒక్క మాట అబద్ధం లేదు. సంతకం పెట్టాను. ఆ తరువాత ఈగల సారు ఏ బడికీ రాలేదు. రానివ్వలేదని విన్నాను.

ఐదారేళ్ల తరువాత ఒక విద్యార్థి పెళ్లికి కోహీర్ వెళ్లి, ఆయనను వెతుక్కుంటూ ఒక జామతోటకు పోయాను. చెట్ల కింద మూడు పెట్టెలు, వాటి కాళ్ల కింద చిప్పలు. నౌకరీ అయిపోయి ఆ తోటలో ఉంటున్నాడు. కండ్లకు పొర వచ్చింది.

"ఎవరు?"

"జహీరాబాద్ బడి సైన్సు సారును."

"ఆఁ, ఆఁ. పిల్లలు మంచిగున్నరా?" ఆ పిల్లలు ఇంకా అదే క్లాసులో ఉన్నట్టే అడిగాడు.

"మంచిగున్నరు. ఆ రోజు పెట్టె..." అని మొదలుపెట్టాను.

ఆయన పక్కన ఉన్న పెట్టెను కణుపుతో తట్టి చెవి ఆనించాడు. "ఉన్నరట," అన్నాడు. తరువాత, "చెయ్యి పట్టున్రి సారూ," అన్నాడు. గుమ్మం దగ్గర వేళ్లతో తడిమి ఒక ఈగను పట్టి, నా అరచేతిలో పెట్టి, గుప్పిట మూసి, దాని మీద తన చెయ్యి వేశాడు. నాకు నవ్వొచ్చింది. క్షమించాడనుకున్నాను. మొగ ఈగ ఆట నాకు తెలుసు.

అది కుట్టింది.

"అరె," అన్నాడు మెల్లగా. "ఆడదా?" నా అరచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని గోటితో ముల్లును గీరి తీశాడు. "గిల్లి తియ్యద్దు సారూ, గీరి తియ్యాలె. గిల్లితే ఉన్న ఇసమంత లోపటికి పోతది." నవ్వలేదు. బాధపడినట్టు కూడా లేడు. "పోన్రి, బస్సు పోతది," అన్నాడు.

మొదలుపెట్టిన మాట ముగించకుండానే వచ్చేశాను. మొగ ఈగను వేలి కొసతో పోల్చుకునే మనిషి ఆయన. కావాలనే చేశాడా? కావాలనే అయితే ఆయనకు అంతా గుర్తుంది, నాకు అందాల్సింది అందింది. పొర కమ్మిన కండ్లు చేసిన పొరపాటే అయితే ఆయన నన్ను పిల్లవాణ్ణి ఆడించినట్టు ఆడించాడు, ఆ రోజును గుర్తు పెట్టుకున్నది నేనొక్కణ్ణే. రెండింటిలో ఏది నాకు తేలికో కూడా తెలియడం లేదు. బస్సులో చెయ్యి వాచి మంట పుడుతుంటే, కావాలనే చేసి ఉండాలని కోరుకున్నాను.

స్టాఫ్ రూంలో ఆ మాట విన్న మరుసటి ఆదివారం ఝరాసంగం వెళ్లాను. అనసూయ అక్కడ బాలవాడిలో పంతులమ్మ. చాయ్ ఇచ్చి, కొంగు సవరించుకుని ఎదురుగా కూర్చుంది. నేను మొత్తం చెప్పాను. ప్రార్థన వేళ, ఇరవై అడుగులు, చిప్పలు, సంతకం, అన్నీ. చెప్పడం అయ్యాక ఆమె నన్ను జాలిగా చూసింది.

"మీరు అనవసరంగ మీదేసుకుంటున్నరు సార్. ఆయన తెచ్చి పెట్టంగ నేను కండ్లార చూసిన. ఇప్పటికీ కండ్ల ముంగట్నే ఉన్నది."

"అప్పటికి నీ కండ్లు తెరుచుకునే లేవు అనసూయా. నిన్ను అప్పటికే దవాఖానకు తీస్కపోయిన్రు."

"ఏమో సార్. చూసిన." కప్పు తీసుకుని లేచింది. "అయినా ఆయన మీద నాకేం కోపం లేదు. మా పిల్లలకు ఈగలాట నేనే ఆడి చూపిస్త. నడుము ఊపుకుంట. మా అత్తమ్మ నవ్వుతది."

తిరిగి వచ్చే బస్సులో ఆమెకు ఇంకెలా చెప్పాలా అని ఆలోచించాను. తోచలేదు. అందుకే ఇది రాశాను. ఆ రోజు పెట్టె జరిపింది నేను. అచ్చయ్యాక ఒక కాపీ తెలుగు సారు బల్ల మీద పెడతాను.

ఇంకొక్కటి ఉంది. నేను తప్ప ఎవరూ చూడనిది. ఆ సోమవారం, సంతకం పెట్టడానికి ముందు, వేపచెట్టు కింద బాగు చేయించమన్నాడు హెడ్‌మాస్టరు. అటెండరేమో అక్కడికి పోనన్నాడు. నేనే వెళ్లాను. శనివారం సాయంత్రం చేన్ల నుంచి ఇల్లు చేరిన ఈగలు అక్కడే ఉన్నాయి. షాబాదు బండ మీద, నాలుగు చిప్పల నడుమ, గుప్పెడంత ముద్దగా. రెండు రాత్రుల చలికి చాలా మటుకు చచ్చిపోయాయి. కొన్నింటి కాళ్లకు పచ్చని కుసుమ పుప్పొడి ఇంకా అంటుకునే ఉంది. చిప్పలు ఒక్కొక్కటే తీసి నీళ్లు పారబోశాను. బతికినవి లేచి నా చేతుల చుట్టూ ఒకసారి తిరిగాయి. కుట్టలేదు. బండ మీద చిప్పలుండిన చోట నాలుగు గుండ్రని తడి మరకలు మిగిలాయి. వాటి నడుమ మళ్లీ వాలాయి.

నేను లోపలికి వెళ్లి సంతకం పెట్టి వచ్చేసరికి తడి ఆరిపోయింది. అవి అక్కడే ఉన్నాయి.